ఆమేన్ అనేదాకా

1997 నవంబరు ఆరు, గురువారం. పొద్దున ఏడు దాటాక పరంజ్యోతమ్మ కోడలి ఒళ్లోంచి తొమ్మిది నెలల మనవణ్ని తీసుకుంది. పిల్లవాడు అప్పటికి పాలు తాగుతున్నాడు.

"కూడికలో సాక్ష్యం చెప్పు. చెప్పాక తీసుకో," అంది.

కెజియా జాకెట్టు సర్దుకుని లేచి నిలబడింది. అత్తగారు తన గదిలోకి వెళ్లిపోయింది. పిల్లవాడి ఏడుపు కాసేపు వినిపించి, గ్లాసులో చెంచా చప్పుడయ్యాక ఆగింది. డబ్బాపాలు రాత్రే కలిపి ఉంచారన్నమాట.

తుఫాను వచ్చి ఆ రోజుకి ఏడాది. పది గంటలకి కృతజ్ఞతా కూడిక. వాకిట్లో షామియానా లేచింది. పెరట్లో వంటవాళ్లు పొయ్యి తవ్వారు. ఆ రాత్రి కొమరయ్యలంకలో ముప్ఫైమందికి పైగా బతికింది ఈ డాబాలోనే. వాళ్లంతా వస్తారు. ముమ్మిడివరం నుంచీ అమలాపురం నుంచీ కూడా విశ్వాసులు వస్తామని కబురు పెట్టారు.

పరంజ్యోతమ్మ సాక్ష్యం చుట్టుపక్కల సంఘాలన్నిటికీ తెలిసిందే. నీళ్లొచ్చిన రాత్రి ఈ ఇంటి తలుపు తను మూయలేదని, కొడుకు మూయలేదని, నోవహు ఓడ తలుపు మూసిన దేవుడే వచ్చి మూశాడని ఆవిడ చెబుతుంది. అప్పుడు కోడలు ఆరో నెల గర్భిణి. బిడ్డ పుట్టాక నోవహు అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

ఈసారి ఆ మాట కోడలి నోట రావాలంది. ఓడలో మోసిన తల్లి చెబితే సంఘానికి బలం అంది. కెజియా చెప్పనంది. వారం రోజులుగా ఇంట్లో గొడవ అదే.

కెజియా భర్త సుధాకర్ అరుగు మీద మైకు వైర్లు సరిచేస్తున్నాడు. అతను ఊళ్లోనే టీచరు. ఆ రోజు సెలవు పెట్టాడు. కెజియా వెళ్లి అతని పక్కన నిలబడింది.

"బాబుని ఇప్పించండి."

"రెండు మాటలే కదా," అన్నాడు అతను తల ఎత్తకుండా. "స్తోత్రం అని కూర్చుంటే పోయేదానికి, వారం నుంచి అన్నాలు సహించకుండా చేశావు."

"దేనికి స్తోత్రం చెప్పమంటారు?"

"బతికినందుకు."

"బతికినందుకు రోజూ చెప్పుకుంటూనే ఉన్నానండి. తలుపు గురించి చెప్పలేను."

అతను ప్లయరు కింద పెట్టి గేటు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"తీసుంటే ముప్ఫైమందిమీ పోయేవాళ్లం. అది నీకు తెలుసు."

"మనం మేడెక్కాక కిటికీ రెక్కలు ఊడి హాలంతా నీళ్లొచ్చాయి. ఎవరూ పోలేదు. అదీ మీకు తెలుసు."

సుధాకర్ మైకు మూతి మీద వేలితో కొట్టి చూసుకున్నాడు. పందిరి చివర స్పీకరు పెట్టెలో టక్ టక్ మంది.

ఆ రాత్రి తలుపు దగ్గర ఉన్నది వీళ్లు ముగ్గురే. తక్కినవాళ్లు హాల్లోంచి లోపలి మెట్ల మీదుగా మేడెక్కేశారు. గాలికి పైవాళ్ల మాట కిందకి, కిందవాళ్ల మాట పైకి వినపడటం లేదు. అప్పుడు తలుపు కొట్టిన చప్పుడైంది. పాపాయి. ఎనిమిదేళ్ల పిల్ల. "కెజియక్కా, నేనే," అంది. కెజియా గడియ ఎత్తింది. సుధాకర్ ఆమె చేతి మీద చెయ్యి వేసి గడియ దించేశాడు. పరంజ్యోతమ్మ కోడల్ని వెనకనుంచి పట్టుకుని మెట్ల వైపు లాగింది.

పాపాయి తల్లి అప్పాయమ్మ అప్పటికి మేడమీదే ఉంది. కూతుర్ని అమ్మమ్మ తలదాచుకోవటానికి బడికి తీసుకుపోయిందని ఎవరో చెబితే నమ్మి ఎక్కింది. మర్నాడు మధ్యాహ్నం పిల్ల పంటబోదె పక్కన, పడిన కొబ్బరిచెట్ల కింద దొరికింది. అమ్మమ్మ దొరకలేదు.

తలుపు సంగతి అప్పాయమ్మకి ఎవరూ చెప్పలేదు. దేవుడు తనను లోపల ఉంచి తలుపు మూశాడని ఆవిడ ఏడాదిగా ప్రతి ఆదివారం లేచి స్తోత్రం చెబుతోంది.

ఎనిమిది కాకుండానే అప్పాయమ్మ వచ్చింది. తలకి నూనె రాసి దువ్వుకుంది. చంకలో కోడిపెట్ట ఉంది.

"వందనాలు కోడలుపిల్లా. ఓడ నాయకుడు లేచాడా?"

"లేచాడు పిన్నీ. అత్తయ్యగారి దగ్గరున్నాడు."

"నాయనమ్మ ముద్దు మొదలైతే తల్లి దిక్కు చూడరులే మగపిల్లలు." అప్పాయమ్మ అరుగు మీద కూర్చుని పెట్ట కాళ్లకి కట్టిన తాడు వదులు చేసింది. అది పాపాయి పెంచిన కోడిపిల్ల అనీ, తుఫానుకి అటకెక్కి బతికిందనీ, అర్పణగా పాస్టరుగారి భార్యకి ఇద్దామని తెచ్చాననీ చెప్పింది. గుడ్లు పెడుతోంది, కొయ్యొద్దని మాత్రం చెప్పాలంది.

పరంజ్యోతమ్మ మనవణ్ని భుజాన వేసుకుని బయటికొచ్చింది. పెట్టని చూసింది.

"మంచి పని చేశావే. వంటవాళ్లు కూర చాలదంటున్నారు," అని పెరటి వైపు కేకేసింది. వంటమనిషి ఒకతను వచ్చి పెట్టని రెక్కలు కలిపి పట్టుకుపోయాడు.

అప్పాయమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది. "దేవుడికిచ్చాక ఇంక మనదేముందండి," అంది. తర్వాత వెల్లుల్లి ఎక్కడుందో అడిగి, చేట తెచ్చుకుని ఒలవటం మొదలుపెట్టింది.

కెజియా పెరటి గుమ్మం దాకా వెళ్లింది. అప్పటికే కోసేశారు.

అత్తాకోడళ్లు వంటింట్లో ఎదురుపడ్డారు. బిడ్డ భుజం మీద నిద్రపోయాడు. పరంజ్యోతమ్మ గొంతు తగ్గించింది. కొవ్వూరులో మీ అన్నకి నిన్ననే బూత్ నుంచి ఫోన్ చేయించానంది. సాయంత్రానికి వస్తాడంది. నువ్వు సాక్ష్యం చెబితే అతను భోజనం చేసి వెళతాడు, చెప్పకపోతే నిన్ను తీసుకుని వెళతాడు, బిడ్డ మాత్రం ఇల్లు దాటడంది.

"పాలు తాగే బిడ్డని ఎలా ఉంచుకుంటారండి?"

"పొద్దున తాగాడుగా డబ్బాపాలు. చచ్చిపోయాడా?"

కెజియా బిడ్డ కోసం చెయ్యి చాపింది. అత్తగారు వెనక్కి జరిగింది.

"పదిమంది కుష్ఠు పోగొట్టుకుంటే ఒక్కడే తిరిగొచ్చి దణ్ణం పెట్టాడు. మిగతా తొమ్మండుగురు ఏమయ్యారని ప్రభువు అడిగాడా లేదా? ఆ తొమ్మండుగురిలో దానివి నువ్వు. కడుపులో వాణ్ని కాపాడితే తిని కూర్చున్నావు."

"అప్పాయమ్మ పిన్ని ముందు ఆ మాట అనలేనత్తయ్యగారూ. ఆవిడ లేచి ఆమేన్ అంటుంది."

"అననీ." పరంజ్యోతమ్మ ఒక అడుగు దగ్గరికి వేసింది. "నీకంత జాలి ఉంటే వెళ్లి చెప్పు. అరుగు మీదే ఉంది. నీ కూతురు వచ్చి కొట్టింది, మేం తీయలేదు అని చెప్పు. ఇవాళ తల దువ్వుకొచ్చింది చూశావా? రేపణ్నుంచి దువ్వుకుంటుందా? ఆ స్తోత్రం ఒక్కటీ తీసేస్తే దానికి ఏం మిగులుతుంది? నీ మనసు తేలికవటానికి దాని బతుకు ఆర్పుతానంటావు. నాకంటే నువ్వే కఠినురాలివి."

కెజియా వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది. అరుగు మీదనుంచి అప్పాయమ్మ పాట వినిపిస్తోంది. వెల్లుల్లి ఒలుస్తూ పాడుకుంటోంది.

తొమ్మిదిన్నరకి పాస్టరు ఏసుపాదంగారు మోపెడ్ మీద వచ్చారు. కాఫీ తెచ్చిచ్చింది కెజియానే. గ్లాసు అందించి వెళ్లకుండా అక్కడే నిలబడింది.

తను పుట్టి పెరిగిన కొవ్వూరు గుళ్లో ఏ ఆరాధనైనా ఒప్పుకోలు ప్రార్థనతో మొదలవుతుందని, తప్పు చెప్పుకున్నాకే స్తుతి చేస్తారని, ఇక్కడ కృతజ్ఞతా కూడికలో ఒప్పుకోలు ఎప్పుడని అడిగింది.

పాస్టరుగారు నవ్వారు. "పెళ్లి భోజనంలో పథ్యం వడ్డించమన్నట్టుందమ్మా. పాపాల సంగతి శనివారం ఉపవాస ప్రార్థనలో చూసుకుందాం. ఇవాళ ఉత్త స్తోత్రాలే."

"అయితే నన్ను సాక్ష్యానికి పిలవొద్దండి. ముగింపు ప్రార్థన చేస్తాను."

పాస్టరుగారు పరంజ్యోతమ్మ వైపు చూశారు. ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. కాసేపు ఆలోచించింది. ఈ కోడలు పెళ్లయిన కొత్తలో ఆడవాళ్ల కూడికలో ప్రార్థన చేస్తే అందరూ మెచ్చుకున్నారు. సాక్ష్యమైతే జనం మొహం చూస్తారు. ప్రార్థనైతే కళ్లు మూసుకుంటారు.

"సరే. తలుపు మాట ప్రార్థనలో రావాలి," అంది.

"వస్తుందండి," అంది కెజియా.

"బాబునిస్తారా?" అని తనే మళ్లీ అడిగింది.

"ఆమేన్ అన్నాక."

ఆ సంఘంలో ప్రార్థన మొదలయ్యాక ఎవరూ కళ్లు తెరవరు, ఎవరూ లేవరు, స్తోత్రం అనటం తప్ప ఎవరూ మధ్యలో మాట్లాడరు. సుధాకర్ తండ్రి బతికుండగా ఇదే వాకిట్లో పెద్ద ప్రార్థన జరుగుతుంటే పక్కింటి ఆవు పందిట్లోకొచ్చి గుంజకి కట్టిన అరటిగెల తినటం మొదలుపెట్టింది. నమిలే చప్పుడు అందరికీ వినిపించింది. ప్రార్థన చేస్తున్న ఆయన ఆమేన్ అనేసరికి కాడ మిగిలింది. ఆ సంగతి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. కానీ కళ్లు తెరవాల్సింది అని ఎవరూ అనరు.

పదిన్నరకి కూడిక మొదలైంది. చాపలు నిండి జనం గోడ వారన కూడా కూర్చున్నారు. ఆడవాళ్లు ముసుగులు వేసుకున్నారు. పరంజ్యోతమ్మ ముందు వరసలో, మనవడు ఒళ్లో. పిల్లవాడికి తెల్ల చొక్కా వేశారు. కెజియా రెండో వరసలో కూర్చుంది. ఆమె పక్కన అప్పాయమ్మ కూర్చుంది.

పాటలయ్యాయి. కీర్తన చదివారు. సాక్ష్యాలకి పిలిస్తే ముందు లేచింది అప్పాయమ్మే.

"నాకు చదువు రాదండి. రెండు ముక్కలు చెబుతాను. నా తల్లిని, నా బిడ్డని ప్రభువు తీసుకున్నాడు. ఎందుకని అడగలేదు. తలుపు మూసినప్పుడు నన్ను లోపల ఉంచాడు. ఎందుకుంచాడో ఆయనకి తెలుసు. ఈ ఇల్లు లేకపోతే నేను లేను. జ్యోతమ్మగారికి వందనాలు. ప్రభువుకి స్తోత్రం."

జనం స్తోత్రం అన్నారు. ఆవిడ కూర్చుంటూ కెజియా మోకాలి మీద చెయ్యి వేసి, సరిగ్గా చెప్పానా అని గుసగుసగా అడిగింది. కెజియా తల ఊపింది.

తర్వాత పరంజ్యోతమ్మ లేచింది. ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. గాలి సంగతి, నీళ్ల సంగతి, తలుపు దానంతటది మూసుకున్న సంగతి. మూసింది ఎవరని అడిగింది. దేవుడే అని జనం జవాబిచ్చారు. మనవణ్ని రెండు చేతులా ఎత్తి చూపించింది. అమలాపురం నుంచి వచ్చిన ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

పాస్టరుగారు వాక్యం చెప్పి, ప్రార్థనకి అందరూ తలలు వంచమన్నారు. కెజియా లేచి మైకు దగ్గరికి వచ్చింది. పైట తల మీదికి లాక్కుంది. అందరి కళ్లూ మూసుకున్నాయి.

"మా తండ్రివైన దేవా. మమ్మల్ని బతికించినందుకు నీకు స్తోత్రం," అంది.

"స్తోత్రం," అన్నారు జనం.

"ఈ ఇంట్లో ముప్ఫైమందిని దాచినందుకు స్తోత్రం."

"స్తోత్రం." అందరికంటే పైన వినిపించింది అప్పాయమ్మ గొంతు.

"ప్రభువా, ఆ రాత్రి ఈ తలుపు దగ్గర నేను నిలబడి ఉన్నాను."

"స్తోత్రం."

"నువ్వు మూయలేదు. గడియ వేసింది మేము."

స్తోత్రం అన్నవాళ్లు తగ్గారు. ముందు వరసలో పరంజ్యోతమ్మ కళ్లు తెరిచింది. ఆ వరసలో కళ్లు తెరిచింది ఆవిడొక్కతే.

"వేశాక బయటనుంచి ఒక పిల్ల కొట్టింది. నా పేరు పెట్టి పిలిచింది."

"స్తోత్రం," అంది అప్పాయమ్మ. ఈసారి ఆవిడ గొంతు ఒక్కటే వినిపించింది.

"నేను గడియ ఎత్తాను. దించేశారు. నేను రెండోసారి ఎత్తలేదు. కడుపులో బిడ్డ కోసం ఎత్తలేదు. ఏడాదిగా మా పని నీ మీద పెట్టి నీకు స్తోత్రం చెప్పిస్తున్నాం. తీయమని అడిగింది పాపా—"

"ఆమేన్," అంది పరంజ్యోతమ్మ.

పెద్దగా అంది. పందిరంతా వినిపించింది. ఆమేన్ అంటే ప్రార్థన అయిపోయినట్టే. జనం అలవాటు చొప్పున ఆమేన్ అన్నారు. కళ్లు తెరిచారు. కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరసల్లో సరిగా వినిపించుకోనివాళ్లు ముసుగులు తీసి చాపల మీదనుంచి లేస్తున్నారు.

అప్పాయమ్మ ఆమేన్ అనలేదు. కూర్చున్న చోటే ఉంది. కళ్లు ఇంకా మూసుకునే ఉంది.

పరంజ్యోతమ్మ పాట ఎత్తుకుంది. స్తుతి పాట. పాస్టరుగారు ఒక క్షణం ఆగి అందుకున్నారు. డప్పు వాయించే కుర్రాళ్లు కూడా అందుకున్నారు. సుధాకర్ వచ్చి కెజియా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఆమె ఇచ్చేసింది. అత్తగారి ముందుకెళ్లి చేతులు చాపింది.

"ఆమేన్ అన్నారు కదండీ. బాబునివ్వండి."

పరంజ్యోతమ్మ పాడుతూనే ఉంది. బిడ్డని రెండో భుజానికి మార్చుకుంది.

అప్పాయమ్మ కళ్లు తెరిచి లేచింది. జనం మధ్యనుంచి వచ్చి కెజియా పక్కన నిలబడింది. పాట జరుగుతున్నందువల్ల ఆవిడ అడిగింది దగ్గర్లో ఉన్న నలుగురైదుగురికే వినిపించింది.

"ఎంతసేపు కొట్టింది కోడలుపిల్లా?"

కెజియా అత్తగారి వైపు చూడలేదు, భర్త వైపు చూడలేదు.

"మేం మెట్లెక్కేదాకా కొడుతూనే ఉంది పిన్నీ. తర్వాత గాలికి వినపడలేదు."

"నన్ను పిలిచిందా?"

"మా అమ్మ లోపలుందా అని అడిగింది."

అప్పాయమ్మ పరంజ్యోతమ్మ మొహంలోకి చూసింది. పరంజ్యోతమ్మ పాట ఆపింది.

"నిన్ను దాచిన ఇల్లే ఇది," అంది అప్పాయమ్మతో. "తింటావో, పోతావో నీ ఇష్టం."

వెనక్కి తిరిగి, బిడ్డతో మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లింది. సుధాకర్ మైకు పాస్టరుగారి చేతిలో పెట్టి తల్లి వెనకే వెళ్లాడు. తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు ముందు వరసల్లో ఉన్నవాళ్లందరికీ వినిపించింది.

కెజియా గుమ్మం ఎక్కి తలుపు కొట్టింది. భర్తని పిలిచింది. లోపల పిల్లవాడు లేచి ఏడుస్తున్నాడు. ఆమె జాకెట్టు ముందు భాగం పాలతో తడిసింది. కాసేపటికి అప్పాయమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ కూడా కొట్టడం మొదలుపెట్టింది, రెండు చేతులతో.

పాట అయిపోయింది. పాస్టరుగారు మైకులో ఆశీర్వాదం చెప్పి, భోజనాలు సిద్ధంగా ఉన్నాయన్నారు. పెరటి తలుపుకీ లోపల గడియ పడింది; దాని ముందే పెరట్లో ఆకులు వేశారు. ముందు పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్లు కూర్చున్నారు. తర్వాత ఊళ్లోవాళ్లు కూర్చున్నారు. కోడికూర రెండో వరస దాకా వచ్చింది.

మధ్యాహ్నం షామియానా విప్పేవాళ్లు వచ్చేసరికి ఇద్దరాడవాళ్లూ గుమ్మంలోనే ఉన్నారు. అప్పటికి తలుపు తీయలేదు.